చదివింపు, చలిమిడి, బాలసారె



మాఘమాసం మొదలుకొని జ్యేష్ఠం దాకా మా తిరుపతిలో కల్యాణ మంటపాలకు తీరిక ఉండదు. శుభలేఖలు బల్లమీద ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. వాటి నడుమ ఒకటి రెండు సీమంతపు పిలుపులూ ఉంటాయి. ఇప్పుడు కొందరు వాటిమీద ‘బేబీ షవర్’ అని అచ్చువేయిస్తున్నారు. పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి కనుక గణాలూ యతులూ అడగడానికి వచ్చేవారు తగ్గిపోయారు గాని, "అయ్యవారూ, పెండ్లికి ఏమిస్తే బాగుంటుంది? సీమంతానికి ఏం తీసుకుపోవాలి?" అని అడిగేవారు మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉన్నారు.

అంగడిలో ఏముందో వెదకడానికి ముందు మన మాటల్లో ఏముందో చూడమని వారికి చెబుతుంటాను. పెండ్లికి ఇచ్చేదానికి చదివింపు అని పేరు. గర్భిణికి ఒడిలో పెట్టేది చలిమిడి. పుట్టిన బిడ్డకు ఇచ్చేది బాలసారె. మూడు సందర్భాలకు మూడు వేరువేరు మాటలు. ఆ ఇచ్చేది ఎవరికి చెందాలో, ఏ వేళకు చేరాలో ఆ మాటల్లోనే ఉంది. ఆ రెండూ తేలితే వస్తువు దానంతట అదే తేలుతుంది. మనం ఈనాడు వస్తువుతో మొదలుపెట్టి, మిగిలిన రెండు ప్రశ్నలనూ మరిచిపోతున్నామన్నది నా అభిప్రాయం. దానిని కాస్త వివరంగా మనవి చేస్తాను.

మొదట చదివింపు. చదువు అనే ధాతువుకు ప్రేరణార్థకం చదివించు. దాని నుండి వచ్చిన నామవాచకం చదివింపు. కానుక ఇవ్వడానికీ చదవడానికీ సంబంధమేమిటని నేటి పిల్లలకు సందేహం కలుగుతుంది. వెనుకటి పెండ్లిళ్ళను చూసినవారికి ఆ సందేహం రాదు. తలంబ్రాలు ముగిసిన తరువాత పందిట్లో ఒక మూల చాప పరచుకొని, ఊళ్ళో చేతివ్రాత బాగున్న మనిషి ఒకరు పద్దుపుస్తకం పట్టుకొని కూర్చునేవారు. పుస్తకం నాలుగు మూలలకూ పసుపు. పక్కనే గొంతున్న మనిషి ఇంకొకరు. "ఫలానా ఊరి ఫలానావారు, పెండ్లికూతురి మేనమామ వరుస, ఇత్తడి బిందె ఒకటి, నూటపదహార్లు" అని ఆయన పైకి చదివి వినిపించేవాడు. అలా నలుగురిలో చదివించేది గనుక అది చదివింపు అయింది.

ఆ నూటపదహార్లకూ ఒక వివరణ చెబుతారు. నిజాం ప్రభుత్వపు హాలి సిక్కాకూ బ్రిటిషువారి రూపాయికీ మారకం ఏడుకు ఆరు. ఆ లెక్కన నూరు బ్రిటిషు రూపాయలకు నూటపదహారు హాలి రూపాయలూ పైన కొన్ని అణాలూ అవుతాయి. ఆ మారకమే వాడుకగా స్థిరపడిందంటారు. 

మా చిత్తూరు సరిహద్దులలో చదివింపుకు ముయ్యి అనే పాత మాట కూడా ఉంది. కన్నడిగులు ముయ్యి అనీ, తమిళులు మొయ్ అనీ అంటారు. తీసుకొన్నదానికి సమానంగా తిరిగి ఇవ్వడమన్న భావం ఇందులో ఉంది. అంటే చదివింపు దానం కాదు, భిక్ష అసలే కాదు. ఊరంతా కలిసి వేసుకొన్న వడ్డీలేని చీటీ. ఈ ఏడు మీ ఇంట శుభకార్యం, అందరం తలా ఒక చేయి వేస్తాము. మరో ఏడు మా ఇంట, మీరు వేయండి. తమిళనాడులో తంజావూరు జిల్లా పేరావూరణి చుట్టుపక్కలా, పుదుక్కోట జిల్లాలోనూ ఆడి మాసంలో మొయ్ విందు అనే పేరుతో పెండ్లి లేకుండానే భోజనాలు పెట్టి, పద్దు రాసి, ఆ సొమ్ముతో వ్యవసాయమో వ్యాపారమో చేసుకొనే ఆచారం ఉంది. చీటీ అని నేనన్న మాట అక్కడ కంటికి కనబడుతుంది.

పెండ్లికి అప్పు పడడం ఎంత బరువో తిరుపతివారికి వేరే చెప్పనక్కరలేదు. మా స్వామే పెండ్లికి అప్పుచేసినవాడు. నారాయణవనంలో ఆకాశరాజు కూతురిని వివాహమాడడానికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర పత్రం రాసిచ్చి ధనం తీసుకొన్నాడనీ, నేటికీ వడ్డీ చెల్లిస్తూనే ఉన్నాడనీ స్థలపురాణం. ఆ ధనాన్ని కొలిచి కొలిచి అలసిన గోవిందరాజస్వామి కుంచాన్నే తలకింద పెట్టుకొని పవళించాడని మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెబుతారు. లోకాన్ని ఏలేవాడికే పెండ్లి ఖర్చు అంత పని పెట్టిందంటే గృహస్థు మాట చెప్పాలా? ఆ బరువులో కొంత తాము పంచుకొందామనే పద్దుపుస్తకం పందిట్లోకి వచ్చింది. బిందె, చెంబు, కంచం, గుండిగ, పడక, పాలకోసం పాడిఆవు... పాతపద్దు తిరగేస్తే ఒక కొత్త సంసారం నిలబడడానికి కావలసినవన్నీ వరుసగా కనిపిస్తాయి. ఎవరేమిస్తున్నారో ముందే బంధువుల నడుమ మాట జరిగేది గనుక ఒకే వస్తువు పదిసార్లు వచ్చేది కాదు.

ఇప్పుడు ఆ చదవడం పోయింది. దాని స్థానంలో మెరిసే కాగితం వచ్చింది. కాగితం చుట్టిన పెట్టెలో ఏముందో ఇచ్చినవారికి తప్ప ఎవరికీ తెలియదు. కొన్నిసార్లు ఇచ్చినవారికీ తెలియదు, ఎందుకంటే అది వారికి మరొక పెండ్లిలో వచ్చి విప్పకుండానే బీరువా ఎక్కినది. మా అమ్మాయి పెండ్లిలో గోడగడియారాలు తొమ్మిది వచ్చాయి. నవగ్రహాలలాగే ఏ ఒక్కటీ మరొకదాని ముఖం చూసేది కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క సమయం చూపేది. రెంటిని ఇంట్లో ఉంచుకొని తక్కినవాటిని మా బడికీ పక్కబడికీ ఇచ్చాము. అక్కడ అవి చక్కగా పనికివచ్చాయి. ఇచ్చినవారిది పాపం మంచి మనసే. వేదిక మీద చేతిలో పెట్టి ఫొటో దిగేటప్పుడు ఎలా కనబడుతుందని ఆలోచించారు. పదహారురోజుల పండుగ గడిచాక ఆ వస్తువు ఎక్కడ ఉంటుందని ఆలోచించలేదు.

కాబట్టి పెండ్లి కానుకకు మొదటి ప్రశ్న, ఆ దంపతులు రేపు ఎక్కడ కాపురం పెట్టబోతున్నారు అన్నది. మన పిల్లలలో చాలామంది బెంగళూరులోనో మద్రాసులోనో రెండు గదుల అద్దె ఇంట్లో చేరతారు. వారికి నిలువెత్తు దీపపు సెమ్మె ఇస్తే ఏడాదికొకమారు ఇల్లు మారినప్పుడల్లా దానిని మోయలేక ఏడుస్తారు. అమెరికాకు పోయే అమ్మాయికి విమానంలో రెండు పెట్టెలు, ఒక్కొక్కటి ఇరవైమూడు కిలోలు అని సాధారణంగా కొలత పెడతారు. ఆమెకు వెండిపూత పూసిన రథం ఇస్తే అది వారి అమ్మగారి అటకమీద ఉండిపోతుంది. అలాంటి అమ్మాయికి బరువులేనిది కావాలి: ఒక మంచి వెంకటగిరి నూలుచీర, మడిచి పెట్టుకొనే శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ, లేదా ఆమె పేరనే బ్యాంకులో కొంత సొమ్ము. ఇక్కడే కాపురముండేవారికి పుత్తూరు, నగరి వైపు నేసిన తువ్వాళ్ళూ దుప్పట్లూ ఇవ్వవచ్చు; చిరిగేదాకా వాడుకొంటారు. ఇచ్చిన సొమ్ములో నాలుగు రూపాయలు మన నేతగాడి ఇంటికీ చేరతాయి.

నలుగురు కలిసి ఒకటి కొనడం నాకు నచ్చిన పద్ధతి. ఒక బడిలో పనిచేసే పదిమంది ఉపాధ్యాయులు పది పెట్టెలు మోసుకొనిపోయే బదులు ఒక గ్రైండరో, బట్టలుతికే యంత్రమో కొని అందరి పేర్లూ ఒక చీటీమీద రాసి ఇవ్వవచ్చు. ఏమి కావాలో అడగడానికి మొగమాటపడవద్దు. పెండ్లికూతురి అక్కను అడిగితే ఒక్క నిమిషంలో చెబుతుంది. అమెరికాలో 1924లో షికాగో నగరంలోని మార్షల్ ఫీల్డ్ అనే పెద్ద అంగడి పెండ్లివారికి కావలసిన వస్తువుల జాబితా తన దగ్గర ఉంచి, బంధువులు అందులోనుండి ఎంచుకొనే ఏర్పాటు చేసింది. ఆ పద్ధతి ఆ దేశమంతటా పాకింది. మన పెద్దలు జాబితా లేకుండా, పెరట్లో నిలబడి మాట్లాడుకొని అదే పని చేసేవారు. ఒక్క తేడా మాత్రం మరువరాదు. ఇచ్చేవాడు అడగవచ్చు; పుచ్చుకొనేవాడు అడగకూడదు.

ఈ తేడా ఎంత పెద్దదో కట్నం అనే మాట చరిత్ర చెబుతుంది. పాత తెలుగులో కట్నం అంటే గౌరవంగా ఇచ్చే కానుక. రాజు కవికి ఇచ్చినా, ఇంటివారు అతిథికి ఇచ్చినా కట్నమే. పుచ్చుకొనేవాడు అడగడం మొదలుపెట్టిననాడు ఆ మంచి మాట మైలపడింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టం పెండ్లి కానుకలను నిషేధించలేదు. అడగకుండా ఇచ్చినదై, జాబితాలో రాసి ఉండాలని పెట్టింది. పెండ్లికూతురి తరఫువారు ఇచ్చేదైతే అది ఆచారం ప్రకారం ఇచ్చేదై, వారి తాహతుకు మించనిదై ఉండాలని కూడా అన్నది. ఆ జాబితా ఎలా ఉండాలో 1985లో వచ్చిన నియమాలు చెబుతాయి. పెండ్లికూతురికి వచ్చినవి ఆమె, పెండ్లికొడుకుకు వచ్చినవి అతడు, వేరువేరుగా రాసి ఉంచుకోవాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధువైతే వరుస రాయాలి. కింద వధూవరులిద్దరూ సంతకం చేయాలి. ఇది చదువుతుంటే నాకు పసుపు పూసిన ఆ పద్దుపుస్తకమే గుర్తుకు వచ్చింది. ఢిల్లీలో కూర్చొని రాసిన నియమం మన పందిట్లోని చాపమీద ఏనాడో ఉంది! సంతకాలు మాత్రమే లేవు.

ఇది కేవలం భాషాచమత్కారం కాదు. నా దగ్గర చదువుకొన్న ఒక అమ్మాయి కాపురం నాలుగేళ్ళకే చెడింది. పెద్దలు కూర్చున్నారు. ఆమె అడిగింది ఒకే ఒక వస్తువు, కుట్టుమిషను. దానితోనే తానూ బిడ్డా బ్రతకాలి. అది మా అబ్బాయికి వచ్చిన కానుక అని అవతలివారు పట్టుబట్టారు. పుట్టింటివారు పాతపెట్టె వెదికి పద్దుపుస్తకం తెచ్చి విప్పారు. అందులో ఆమె మేనమామ పేరుకెదురుగా "అమ్మాయికి కుట్టుమిషను ఒకటి" అని రాసి ఉంది. వాదం అక్కడితో ఆగింది. ‘అమ్మాయికి’ అన్న షష్ఠీ విభక్తి ప్రత్యయం ఒక సంసారాన్ని నిలబెట్టింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు విభక్తులు చెప్పినవాణ్ణి, వాటి విలువ ఆ రోజు నాకు మరింత బాగా తెలిసింది.

స్త్రీధనం భార్య సొత్తేననీ, భర్త చేతిలో ఉన్నంత మాత్రాన అతనిది కాదనీ సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో స్పష్టంగా చెప్పింది. అయితే కోర్టుదాకా పోయే ఓపిక ఎందరికి ఉంటుంది? అందువల్ల పెండ్లికి పోయే మిత్రులకు నా రెండవ సూచన: మీరిచ్చేది అమ్మాయికా, అబ్బాయికా, ఇద్దరికా అన్నది ఒక కాగితం మీద రాసి వస్తువుతోపాటు ఇవ్వండి. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు కొన్నప్పుడు అంగడిలో పేరు కొట్టిస్తారు కదా. చాలామంది ఇచ్చినవారి పేరు కొట్టిస్తారు. పుచ్చుకొనే అమ్మాయి పేరు కొట్టించండి. ఆమెకు ఉపకారం చేసినవారవుతారు. పెండ్లివారు కూడా పాతపద్దును మళ్ళీ తెరిచి, కిందనే ఇద్దరిచేతా సంతకం చేయించి, ఒక ప్రతి అమ్మాయి చేతికివ్వాలి. ఇంతకంటె ఉపయోగపడే కానుక పుట్టింటివారు ఇవ్వలేరు.

ముయ్యిలో ఉన్న చేదును కూడా దాచకుండా చెప్పాలి. పైకి చదివితే లేనివాడి పదకొండు రూపాయలు, ఉన్నవాడి వెయ్యినూటపదహార్లు పక్కపక్కనే వినబడతాయి. ఆ అవమానానికి వెరచి అప్పుచేసి చదివించినవారినీ, అసలు పెండ్లికే రానివారినీ నేనెరుగుదును. అందుకే కాగితపు కవరు వచ్చింది. దానిని నేను నిందించను. 2021 జనవరిలో మదురైలో ఒక కుటుంబం శుభలేఖమీదనే ఫోనుద్వారా డబ్బు పంపే చతురస్రపు గుర్తులను అచ్చువేయించినప్పుడు దేశమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కరోనా రోజులలో రాలేనివారికి అదొక దారి. పుచ్చుకొనేవాడు చేయి చాచినట్టుందన్న వెలితి మాత్రం ఉంది. నా మట్టుకు నాకు తోచిన మధ్యేమార్గం ఇది: వస్తువునూ, ఇచ్చినవారి పేరునూ, ఎవరికిచ్చారన్నదానినీ పద్దులో రాయండి, పైకి చదవకండి. నూరు రూపాయలు తెచ్చిన ఇంటి పనిమనిషికి లక్ష తెచ్చినవారితో సమానంగా పంక్తిలో ఆకు వేయండి. ఆమె ఇంట శుభకార్యం జరిగేనాడు మీరు తిరిగి ఇచ్చేది సమానంగా ఉండనక్కరలేదు. ముయ్యి పెరగవచ్చు, అడగకుండా.

ఇక సీమంతానికి వద్దాము. సీమ, అంతము అన్న రెండు మాటలకు సవర్ణదీర్ఘం చేస్తే సీమాంతము కావాలి. పొలిమేర అన్న అర్థంలో అలాగే అవుతుంది. జుట్టుకు సంబంధించిన అర్థంలో మాత్రం పరరూపం వచ్చి సీమంతము అవుతుందని సంస్కృత వ్యాకరణం ప్రత్యేకంగా చెప్పింది. సీమంతమంటే పాపిట. షోడశ సంస్కారాలలో ఇది సీమంతోన్నయనం, అంటే పాపిట పైకి తీయడం. ఏదుపంది ముల్లుతో, దర్భలతో, లేత మేడికాయల గుత్తితో భర్త భార్యకు పాపిట తీయాలని గృహ్యసూత్రాలు చెబుతాయి. వీణ వాయించేవారిని పాడమనే విధి కూడా ఉంది. బిడ్డ కోసం ఇందులో ఒక్క వస్తువైనా ఉందా, చూడండి. భర్త తన చేత్తో భార్య తల దువ్వాలి, ఆమె సంగీతం వినాలి. వేడుకంతా తల్లిదే.

మా ప్రాంతపు ఆచారమూ అంతే. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో అమ్మాయికి పూలజడ వేసి, చేతినిండా మట్టిగాజులు తొడిగి, పులిహోర, నిమ్మకాయ అన్నం, కొబ్బరి అన్నం, దద్ధ్యోజనం అని రకరకాల చిత్రాన్నాలు చేసి పెడతారు. ఒడిలో చలిమిడి పెట్టి, కడుపు చల్లగా ఉండాలని దీవిస్తారు. తరువాత పుట్టింటికి తీసుకొనిపోతారు. గాజులు, పూలు, తిండి, విశ్రాంతి. ఈ నాలుగూ తల్లికి. ఉయ్యాల కొనరు, చొక్కా కుట్టరు, పేరు తలవరు.

ఎందుకు కొనరో చెప్పడానికి పెద్దలు దిష్టి అన్నారు. ఆ మాటను పట్టుకొని మనం మూఢనమ్మకమని నవ్వాము. నేనెరిగిన ఒక ఇంట సీమంతానికి మంటపం పెట్టి, బుడగలు కట్టి, వచ్చినవారందరూ బిడ్డ వస్తువులే తెచ్చారు. ఉయ్యాల, బొమ్మలు, బుల్లి చెప్పులు, తోపుడుబండి. ఒక గది నిండింది. బిడ్డ దక్కలేదు. ఆసుపత్రినుండి ఆ పిల్ల వట్టి చేతులతో వచ్చేసరికి గది నిండుగా ఉంది. ఆ గది తలుపు చాలా రోజులు తీయలేదు. ఆ వస్తువులు ఏమి చేయాలో, ఎవరికి తిరిగి ఇవ్వాలో తెలియక ఆ తల్లిదండ్రులు పడిన బాధ చూసిన తరువాత, ఉయ్యాల ముందుగా కొనరాదన్న మాట దిష్టికోసం పుట్టలేదని నాకు అనిపించింది. అలాంటి దుఃఖాలు ఇంటింటా ఎరిగిన ముసలమ్మలు, రాబోయే దుఃఖానికి మరొక బరువు తోడుకాకుండా పెట్టిన దయగల కట్టడి అది.

పరదేశపు వేడుక గనుక వద్దని నేననడం లేదు. బిడ్డ వస్తువులు ముందుగా సిద్ధం చేసుకోవడానికి మంచి కారణాలూ ఉండవచ్చు. ఫిన్లాండు దేశంలో 1938 నుండి ప్రభుత్వమే పేద గర్భిణులకు బిడ్డ బట్టలు పెట్టిన అట్టపెట్టె ఇచ్చింది. 1949 నుండి అందరికీ ఇస్తున్నది. ఆ పెట్టెనే పసిబిడ్డకు పడకగా వాడుకోవచ్చు. అయితే గర్భం నాలుగు నెలలు నిండకముందే వైద్యపరీక్షకు పోయి ఉండాలన్నది నియమం. పెట్టెకంటె ఆ నియమమే ఎందరో తల్లులను ఆసుపత్రి గడప తొక్కించింది. మన పక్క తమిళనాడులో 2015లో పదహారు వస్తువులతో అమ్మ పేర వచ్చిన కిట్టూ, తెలంగాణలో 2017లో వచ్చిన కేసీఆర్ కిట్టూ సర్కారు ఆసుపత్రిలో ప్రసవమైన తరువాత చేతికిచ్చేవి. సీమంతం నాడు మీరూ నేనూ తీసుకుపోయేది ఆ పెట్టెకు నకలు కానక్కరలేదు. ఆ నాడు ఎదుట కూర్చున్నది తల్లి. ఆమెకివ్వండి.

ఏమివ్వాలి? మన రాష్ట్రంలో గర్భిణులలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందువల్ల నువ్వులుండలు, వేరుశెనగ చిక్కీలు, ఖర్జూరం, రాగిపిండి, మునగాకు పొడి ఒక బుట్టలో పెట్టి ఇస్తే అదే ఈనాటి చలిమిడి. వైద్యులిచ్చే ఇనుము మాత్రలకు ఇవి బదులు కావు, తోడు మాత్రమే. ప్రసవమయ్యాక పాలివ్వడానికి ముందువైపు తెరుచుకొనే మెత్తని నూలు బట్టలు రెండు జతలు, నడుముకు ఆనుకొనే దిండు, ఆమెకిష్టమైన పాటలు లేదా పుస్తకాలు ఇవ్వవచ్చు. వీణ వాయించమన్న సూత్రకారుడు కూడా ఇందుకు సంతోషిస్తాడు.

డబ్బుతో కొననివీ ఉన్నాయి. "ఏ అర్ధరాత్రి ఫోను చేసినా మా కారు వస్తుంది" అని ఒక పొరుగింటాయన చెప్పడం పెద్ద కానుక. 108 వాహనం ఉన్నా, మనిషి తోడుంటే వేరే ధైర్యం. ఆమె నెత్తురు గుంపు తెలిసి, అవసరమైతే ఇవ్వడానికి ఇద్దరు యువకులు పేర్లు రాసిస్తే అది ఇంకా పెద్దది. కాన్పు తరువాత నెలరోజులు ఇంటిపనికి మనిషిని పెట్టి జీతం మీరివ్వండి. మొదటి బిడ్డ ఉన్న తల్లి అయితే ఆ పెద్దబిడ్డను పదిరోజులు మీ ఇంట ఉంచుకోండి. ఇంకొక మాట. పిల్లలు లేనివారినీ, భర్త పోయినవారినీ సీమంతపు పేరంటానికి పిలవని ఆచారం మన ఇళ్ళలో ఇంకా ఉంది. ఇదిమాత్రం వదలవలసిన ఆచారం. అలాంటి ఒక పిన్నమ్మచేత ఆ అమ్మాయికి మొదటి గాజు తొడిగించగలిగితే, ఆ ఇంట ఇద్దరు స్త్రీలకు కానుక ఇచ్చినట్టు అవుతుంది. అంగన్‌వాడీలలో జరిగే సామూహిక సీమంతాలలో కులమూ కలిమీ చూడకుండా గర్భిణులందరినీ ఒక వరుసలో కూర్చోబెట్టడం నాకు నచ్చే సంగతి.

చివరిది బాలసారె. బారసాల అంటున్నాము గాని, బాలసారె అన్నదే వర్ణవ్యత్యయం చెంది బారసాల అయిందని పండితుల మాట. బాలునికిచ్చే సారె. అంటే బిడ్డకు ఇవ్వవలసిన కానుకలకు మన భాష వేరే రోజును కేటాయించింది. బిడ్డ పుట్టి, పురుడు వెళ్ళి, తల్లీబిడ్డా క్షేమమని తెలిసి, ఉయ్యాలలో వేసి పేరుపెట్టే రోజు అది. సీమంతం నాడు మీ చేయి ఊరుకోకపోతే ఆ ఉత్సాహాన్ని ఈ రోజుకు దాచుకోండి. అప్పటికి ఆడబిడ్డో మగబిడ్డో, ఎంత బరువో, ఏ కాలమో తెలిసి ఉంటుంది. వైశాఖమాసపు తిరుపతి ఎండలో పుట్టిన బిడ్డకు ఉన్ని టోపీ తెచ్చేవారు ఉండరు.

బాలసారెకు మెత్తని నూలుగుడ్డలకు మించినది లేదు. కొత్తబట్టకంటె నాలుగుసార్లు ఉతికిన అమ్మమ్మ చీర పసిచర్మానికి హాయి. మన పెద్దలు బిడ్డను మొదట పాతబట్టలోనే చుట్టేవారు. దోమతెర తప్పక పనికివస్తుంది. బట్టలు కొంటే ఆరు నెలలకు, ఏడాదికి సరిపోయే కొలతలు కొనండి. పుట్టినప్పటివి అందరూ తెస్తారు. పాలసీసా, పాలడబ్బా మాత్రం మీ అంతట మీరు తీసుకుపోవద్దు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కంపెనీలు వాటిని తల్లులకు నమూనాలుగానో కానుకలుగానో పంచరాదని 1992లో మన దేశం చట్టమే చేసింది. కంపెనీ చేయరాని పనిని చుట్టం చేయడమెందుకు? వైద్యులు అవసరమన్నప్పుడు తల్లిదండ్రులే కొనుక్కొంటారు. చక్రాల నడకబండి కూడా వద్దు. దానివల్ల పిల్లలు దొర్లి పడుతున్నారని కెనడా దేశం 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. ఏడాది నిండనిదే తేనె నాకించరాదని వైద్యులంటున్నారు గనుక తేనెసీసా తెచ్చిన తాతగారికి కూడా మర్యాదగా చెప్పాలి.

ఆడబిడ్డ అయితే తపాలా కార్యాలయంలో సుకన్య సమృద్ధి ఖాతా తెరవమని తల్లిదండ్రులకు చెప్పి, మొదటి విడతకు మీరు సొమ్మివ్వండి. 2015లో వచ్చిన ఆ పథకంలో ఏడాదికి కనీసం 250 రూపాయలు కడితే చాలు. ఒక వెండి గిలక్కాయకంటె ఖర్చు తక్కువ. ఏటా పుట్టినరోజుకు మరికొంత ఇస్తూ పోతే, ఆ పిల్ల పై చదువుకు వెళ్ళేనాటికి మీ సారె ఆమె ఫీజులో ఉంటుంది. పద్దులో రాసేటప్పుడు ‘బిడ్డకు’ అన్న విభక్తి ప్రత్యయం మరువకండి.

ఇంత రాశాక కూడా, "అయ్యవారూ, ఒక్క మాటలో ఏమివ్వమంటారు?" అని అడిగేవారు ఉంటారు. వారికి నా వద్ద ఒక్క మాట లేదు, మూడున్నాయి. పైన శీర్షికలో పెట్టాను. మీ మీ ప్రాంతాలలో చదివింపును ఏమంటారో, సీమంతానికి ఒడిలో ఏమి పెడతారో, పాత పద్దుపుస్తకాలు మీ ఇళ్ళలో ఉంటే వాటిలో ఏ వస్తువులు ఉన్నాయో వ్యాఖ్యలలో రాయవలసిందిగా కోరుతున్నాను. కృష్ణా, గోదావరి తీరాలవారి మాటలూ, కళింగాంధ్ర మాటలూ, తెలంగాణపు ఒడిబియ్యం ముచ్చట్లూ వినాలని ఉంది. వచ్చిన మాటలన్నిటినీ కూర్చి మరొక టపా రాస్తాను.

సెలవు.